కెంపిని ఇవ్వను

దేవనహళ్ళి,
12 జూన్ 2025

వరూధినికి,

చిరంజీవి అని రాయబోయి ఆగాను. నా దీవెన నీకు అక్కర్లేదేమో. మనసులో మాత్రం అనుకున్నాను, అది నా ఇష్టం.

నీ అడ్రసు మన పాత మందుల షాపు నంజప్ప ఇచ్చాడు. అతన్నేమీ అనకు, నేనే బతిమాలి అడిగాను. ఫోను చేస్తే నాకు వినపడదు. మెసేజీ పెడదామంటే శశిధర్ నా ఫోనులో నీ నంబరు ఎప్పుడో ఆపేశాడు. విడాకులు తీసుకుని వెళ్ళిపోయిన కోడలితో అత్తకు మాటలేమిటని వాడి ఉద్దేశం. అందుకే బళ్ళో పిల్లలకు నేర్పిన పద్ధతిలో ఉత్తరం రాస్తున్నాను.

పోయిన నెల మేము హెచ్‌ఎస్‌ఆర్ ఇల్లు ఖాళీ చేసి ఇక్కడ విల్లాలోకి వచ్చాం. ఎయిర్‌పోర్టు దగ్గర. విమానాలు నెత్తిమీదుగా మోత పెడుతూ పోతాయట, కొత్త కోడలు అర్పిత చెవులు మూసుకుంటుంది. నాకు ఆ బాధ లేదు.

విషయం ఏమిటంటే, మా కెంపి కనిపించడం లేదు. నువ్వు వీధిలో చూసే ఉంటావు. ఇటుక రంగు ఆడకుక్క, ఎడమ చెవి కొస చీలి ఉంటుంది. నేను దాన్ని తిప్పుతుంటే నువ్వు రోడ్డుకు అటువైపు దాటి వెళ్ళేదానివి. సామాన్లు దించే రోజు గేటు తీసి ఉంటే పారిపోయిందని శశిధర్ చెప్పాడు. కుక్కలు పాత చోటు వెతుక్కుంటూ ఎంత దూరమైనా పోతాయంటారు. మన పాత వీధికి వచ్చి ఉందేమో ఒకసారి చూడు. నువ్వు ఆ పక్కనే ఉన్నావు కదా.

నువ్వు వెళ్ళిపోయిన నెలలోనే దాన్ని వాడు తెచ్చి నా ఒళ్ళో పెట్టాడు, నాకు తోడుగా ఉంటుందని. అప్పట్నుంచీ నా మంచం పక్కనే దాని పడక. ఇప్పుడు ఆ చోట అర్పిత పూలకుండీ పెట్టింది.

జవాబు రాస్తే కోట వీధిలో మా తమ్ముడు వెంకటగిరియప్ప ఇంటికి రాయి. గురువారాలు అక్కడికి వెళ్తుంటాను.

సావిత్రమ్మ


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
19 జూన్ 2025

సావిత్రమ్మగారికి,

మిమ్మల్ని అత్తమ్మా అని పిలవడం కోర్టులోనే మానేశాను. కాబట్టి ఈ పిలుపుతో సర్దుకోండి.

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి కోపం సరిగ్గా రావాలని. నేను వెళ్ళిపోయిన నెలలోనే నా స్థానంలోకి ఒక కుక్కను తెచ్చారన్నమాట. ఆ కుక్క తప్పిపోతే వెతకమని నన్నే అడుగుతున్నారు.

మీకు గుర్తుందో లేదో, నాకు గుర్తుంది. మీ అబ్బాయి నన్ను పిచ్చిదని విడాకుల కాగితాల మీద రాయించాడు. వంటింట్లో, హాల్లో, మీ ఎదురుగానే రోజూ ఆ మాట అనేవాడు. కోర్టులో లాయరు మిమ్మల్ని అడిగాడు, మీ అబ్బాయి ఈమెను తిట్టడం మీరెప్పుడైనా విన్నారా అని. మీరు తల అడ్డంగా ఊపి, "నాకు వినపడదప్పా" అన్నారు. నిజమే, వినపడదు. కాని పాలవాడి దగ్గర్నుంచి టీవీలో వార్తలు చదివే అమ్మాయి దాకా అందరి పెదవులూ చదివే మీకు, కొడుకు పెదవులు మాత్రం చదవడం రాలేదా? ఆ రోజు మెట్లు దిగుతూ అనుకున్నాను, ఈవిడకు ఏదో ఒకనాడు ఏదైనా పోవాలి, వెతుక్కోవాలి, నేను చూడాలి అని.

పోయింది. చూస్తున్నాను.

మీ కుక్క కోసం నేను ఏ వీధీ తిరగను. ఆఫీసుకు పోయే దారిలో కంటపడితే మాత్రం చూపు తిప్పుకోను. అంతకుమించి ఆశ పెట్టుకోకండి.

వరూధిని


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
5 జులై 2025

సావిత్రమ్మగారికి,

కెంపి నా దగ్గర ఉంది.

బతికే ఉంది, కాళ్ళూ కళ్ళూ బాగున్నాయి. ఇంతవరకు చెప్పడం మీ వయసుకు ఇచ్చే గౌరవం. ఇక మీదట అది నాది. చట్టప్రకారం నాకు దత్తతకిచ్చారు, మెడపట్టీ మీద నా పేరు, నా నంబరు ఉన్నాయి. మీకు ఇవ్వను.

నా దగ్గరికి ఎలా వచ్చిందో నేను చెప్పను. మీ అబ్బాయిని అడగండి. పక్కన కూర్చుని, వాడి మూతి వైపు చూస్తూ అడగండి.

వరూధిని


దేవనహళ్ళి,
17 జులై 2025

వరూధినికి,

అడిగాను. నువ్వు చెప్పినట్టే పక్కన కూర్చుని అడిగాను. వాడు చెప్పింది ఇది: కెంపి మన పాత వీధికే వచ్చిందట, నువ్వు బిస్కెట్లు చూపించి లోపలికి తీసుకుపోయి కట్టేశావట. అది నా ప్రాణమని తెలిసే చేశావట. పోలీసు కంప్లయింటు ఇస్తానన్నాడు. నేనే వద్దన్నాను.

నీకు నామీద కోపం ఉండడం న్యాయమే. కాని నోరులేని దాన్ని అడ్డం పెట్టుకుని నన్ను కొడతావని అనుకోలేదు. వాడు నిన్ను పిచ్చిదన్నప్పుడు నేను ఒక్కనాడూ నమ్మలేదు. నీ మొన్నటి ఉత్తరం చదివాక మొదటిసారి అనుమానం వచ్చింది. ఇది రాయకూడదు, అయినా రాస్తున్నాను. నువ్వు మాత్రం నన్ను మాటలతో పొడవకుండా వదిలిపెట్టావా?

మా తమ్ముడు ఈ ఉత్తరం ఇక్కడితో ఆపమన్నాడు. కాని కోపం నీమీద, దానిమీద కాదు. అది ప్యాకెట్టు మేత ముట్టదు. రాగి సంగటి మెత్తగా కెలికి, పూర్తిగా చల్లారాక, ఒక గరిటె మజ్జిగ పోసి పెట్టు. వేడిగా పెడితే వాసన చూసి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆ పూట తినదు. తినేటప్పుడు పక్కన నిలబడకు. స్నానానికి గోరువెచ్చని నీళ్ళు. చీలిన చెవిని తాకనివ్వదు, తొందరపడకు.

దాన్ని పెంచడం నీకు చేతకాక తిరిగి ఇచ్చే రోజు వస్తుంది. అప్పుడు నేను నీ గడప దాకా వచ్చి తీసుకుంటాను, నీ మొహం చూడకుండా.

సావిత్రమ్మ


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
22 జులై 2025

సావిత్రమ్మగారికి,

అయితే వినండి. కాదు, చదవండి. నోటితో చెబితే మళ్ళీ వినపడలేదంటారు. ఇది కాగితం మీద ఉంది, నల్ల సిరాతో, పెద్ద అక్షరాలతో.

నాతో పనిచేసే కిరణ్మయి శనివారాలు ఒక కుక్కల ఆశ్రయానికి వెళ్ళి సాయం చేస్తుంటుంది. కుందలహళ్ళి దాటాక, పాత ఇటుకల బట్టీ వెనక ఉంటుంది అది. మీ ఉత్తరం గురించి ఆమెతో వెటకారంగా చెప్పాను, చీలిన చెవి సంగతితో సహా. ఆమె నవ్వలేదు. "అలాంటిది మా షెడ్డులో ఒకటుంది వరూ, నెల కిందట వచ్చింది, గోడకు మొహం పెట్టి పడుకుంటుంది" అంది. ఆ శనివారం నేనూ వెళ్ళాను.

అక్కడ కుక్కల్ని చూసుకునే మునిరాజు అనే ఆయనను అడిగాను, ఇది ఎలా వచ్చిందని. ఆయన మాటలు ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

"తెల్ల కారులో ఒగాయన తెచ్చినాడు మేడమ్. వీధి కుక్క, పిల్లోళ్ళను కరస్తా ఉండాది అని చెప్పినాడు. వీధి కుక్క మెడకు ఇంత మెత్తని పట్టీ ఎవురు కడతారని నేను అడిగితే, పట్టీ ఇప్పి జేబులో ఏసుకున్నాడు. ఆయన కారు తిప్పుకుంటే ఇది గేటు సందులో దూరి ఎనకాలే పరిగెత్తింది. ఆపుతాడేమో అనుకుంటిమి. ఆపలేదు. మెయిన్ రోడ్డు కాడ నిలబడి ఉంటే ఎత్తుకొచ్చినాము. కాలి గోళ్ళు అరిగి నెత్తురు కారతా ఉండాది."

నా ఫోనులో మీ అబ్బాయి ఫోటో ఇంకా ఒకటి మిగిలి ఉంది, కిరణ్మయి పెళ్ళిలో గుంపుగా తీసుకున్నది. చూపించాను. గుంపులోంచి వెంటనే వేలు పెట్టి చూపించాడు, "ఈయనే" అని.

నేను దాన్ని ప్రేమతో తెచ్చుకోలేదు. మీ ఇంటిది ఒకటి నా చేతిలో ఉండాలని తెచ్చుకున్నాను. ఎందుకు అడుగుతున్నావని అక్కడివాళ్ళు అడిగితే ఒంటరిగా ఉంటాను, తోడు కావాలి అన్నాను. అబద్ధం. మా ఇల్లు చూడటానికి ఒకామె వచ్చింది, కిటికీలకు జాలీ ఉందా అని చూసింది, పెద్ద కుక్క కదా, ఇల్లు అలవాటు కావడానికి నెలలు పట్టవచ్చు, ఓపిక ఉందా అని అడిగింది. ఉందన్నాను. నా ఓపిక దేనికోసమో ఆమెకేం తెలుసు.

వచ్చిన మొదటి వారం భోజనాల బల్ల కింద నుంచి కదలలేదు. ఆటోను చూస్తే వణుకు. కారు తలుపు చప్పుడైతే ఉన్నచోటే తడిపేస్తుంది. మీ సంగటి ఉత్తరం రాకముందు అది నా దగ్గర ఏమీ సరిగ్గా తినలేదు. మిమ్మల్ని అడగడానికి నాకు నోరు రాలేదు. మొన్న చల్లార్చి పెట్టి పక్క గదిలోకి వెళ్ళాను. గిన్నె నాకిన చప్పుడు వినపడింది. దానికి మాత్రం మీకు కృతజ్ఞురాలిని, దానికి మాత్రమే.

మీ అబ్బాయి నన్ను పిచ్చిదన్నాడు, కుక్కను కరిచేదన్నాడు. వదిలించుకోవాల్సిన ప్రతిదానికీ వాడొక పేరు పెడతాడు. మీకు ఏ పేరు పెడతాడో ఆలోచించుకోండి.

వరూధిని


దేవనహళ్ళి, కోట వీధి,
14 ఆగస్టు 2025

వరూధినికి,

నీ ఉత్తరం చదివి నేను ఎవరితోనూ ఏమీ అనలేదు. మా తమ్ముణ్ణి వెంటబెట్టుకుని కుందలహళ్ళి దాటి ఆ షెడ్డుకు వెళ్ళాను. మునిరాజును నా ఎదురుగా నిలబెట్టి మెల్లగా చెప్పమన్నాను. అతని పెదవులు చదివాను. నువ్వు రాసినదాంట్లో ఒక్క మాట ఎక్కువ లేదు. గోళ్ళ సంగతి చెప్పేటప్పుడు అతను నా వైపు చూడలేదు, అందుకని మళ్ళీ చెప్పమనాల్సి వచ్చింది.

తిరిగి వచ్చి వరమహాలక్ష్మి పండుగ దాకా ఆగాను. ఎందుకు ఆగానో నీకు అర్థమవుతుంది. ఆ రోజు విల్లాకు అర్పిత తరఫు వాళ్ళంతా వచ్చారు, శశిధర్ ఆఫీసు పెద్దలు భార్యలతో వచ్చారు. వాడు అందరికీ ఇల్లు తిప్పి చూపిస్తున్నాడు, చెక్కతో వేయించిన నేల కూడా. అర్పిత తాంబూలాలు ఇస్తోంది. నేను హాలు మధ్యలో కుర్చీ వేసుకుని కూర్చుని వాణ్ణి పిలిచాను. నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా, ఆ రోజు తెలుసుకోవాలని కూడా అనిపించలేదు.

"శశీ, కెంపిని యాడ వదిలినావప్పా?" అన్నాను.

"పారిపోయిందని చెప్పినా కదమ్మా, ఇప్పుడెందుకు" అన్నాడు.

"నేను పోయి చూసి వస్తిని. కారు ఎనకాల పరిగెత్తిన దారి కూడా చూస్తిని. ఎందుకు వదిలినావు?"

వాడు నన్ను చెయ్యి పట్టుకుని లేపబోయాడు. నేను లేవలేదు. చివరికి గోళ్ళతో కొత్త నేల గీసుకుపోతుందని అన్నాడు, పళ్ళ మధ్య నుంచి. పళ్ళ మధ్య మాటలు కూడా నేను చదవగలను.

అప్పుడు అడిగాను, అందరూ చూస్తుండగా. "నాకు చెవులు పోయినాయి. రేపు కండ్లు పోతాయి, ఎల్లుండి కాళ్ళు. నా చేతికర్ర కూడా నీ నేల మీద గీతలు పెడతా ఉండాది. నన్ను ఏ గేటు కాడ వదిలేది అనుకుంటా ఉండావు? చెప్పు, నేనే గుడ్డలు సర్దుకుంటాను."

హాల్లో నోళ్ళన్నీ ఒక్కసారి ఆగిపోయాయి. వాడి పై ఆఫీసరు భార్య చేతిలోని తాంబూలం పళ్ళెం కింద పెట్టి బయటికి నడిచింది. వాడి మొహం ఎలా మారిందో రాయడానికి నాకు మాటలు చాలవు, నువ్వే ఊహించుకో. నువ్వు చూడాల్సింది.

అర్పితకూ పారిపోయిందనే చెప్పాడట. ఆ పిల్ల నా బ్యాగు తనే సర్ది మా తమ్ముడి స్కూటరు మీద పెట్టింది. రేపు తనకు వాడు ఏ పేరు పెడతాడో లెక్క వేసుకున్నట్టుంది.

ఇప్పుడు కోట వీధిలోనే ఉంటున్నాను. విల్లాకు పోను.

కోర్టు సంగతి రాశావు. క్షమించమని నేను అడగను, వరూధినీ. ఆ రోజు నాకు ఒక్కడే కొడుకు, ఒకటే ఇల్లు. వాడి పెదవులు రోజూ చదివాను, చదివి చదవనట్టు ఉన్నాను. మళ్ళీ అదే రోజు వస్తే ఏం చేస్తానో ఇప్పటికీ తెలియదు. నీ కోపం నీ దగ్గరే ఉంచుకో, అది నీకు రావాల్సిందే.

కాని కెంపిని పంపించు. నీ పగ తీరింది కదా, నా చేత్తోనే తీర్చాను. తమ్ముడు ఎవరిదో కారు మాట్లాడి పంపుతానంటున్నాడు.

సావిత్రమ్మ


హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్,
1 సెప్టెంబరు 2025

అత్తమ్మకు,

ఈ పిలుపు ఎలా వచ్చిందో నన్నడగకండి. రాయడం మొదలుపెడితే చెయ్యి అదే రాసింది, కొట్టెయ్యాలనిపించలేదు.

కారు పంపకండి. కెంపి కారెక్కదు. కారెక్కినా ఇవ్వను. ఎందుకో నిన్న జరిగింది చదివితే తెలుస్తుంది.

నిన్న ఆదివారం పొద్దున మీ అబ్బాయి వచ్చాడు. కింద గేటు దగ్గర నిలబడి ఫోను చేశాడు. ఇన్నేళ్ళలో అతను నాకు ఫోను చేయడం అదే మొదలు. కిటికీలోంచి చూశాను. గడ్డం మాసి ఉంది, చొక్కా ఇస్త్రీ లేదు. ఈ రోజు కోసం నేను ఎంత ఎదురుచూశానో మీకు తెలియదు. మంచి చీర కట్టుకుని కిందికి దిగాను, నిజం.

"వరూ, ఆ డాగ్‌ని ఇచ్చెయ్. అమ్మ ఇంటికి రావడం లేదు. ఆఫీసులో అందరూ అదే టాపిక్. అర్పిత కూడా మాట్లాడ్డం మానేసింది. దాన్ని తీసుకుని వెళ్తేనే అమ్మ వస్తుంది" అన్నాడు.

"ప్లీజ్ అను" అన్నాను. అన్నాడు.

"నాకు సరిగ్గా వినపడలేదు" అన్నాను. మీ మాటే వాడుకున్నాను, ఏమనుకోకండి. మళ్ళీ అన్నాడు, ఈసారి గట్టిగా. పైన బాల్కనీల్లో జనం చేరారు.

అప్పుడు పైకి వెళ్ళి కెంపిని తీసుకొచ్చాను. గొలుసు విప్పేసి, "పిలువు. వస్తే తీసుకుపో" అన్నాను.

అతను మోకాళ్ళ మీద కూర్చుని పిలిచాడు. "కెంపీ, రా, కెంపీ." అది గుర్తుపట్టింది అత్తమ్మా. అంత జరిగినా దాని తోక కదిలింది. రెండడుగులు ముందుకు వేసింది. ఇది వెళ్ళిపోతుంది, నేను అందరి ముందూ ఓడిపోతాను అనుకున్నాను. అది వెళ్తే నాకేమవుతుందో అప్పటిదాకా నాకే తెలియదు.

అతను ఆశపడి లేచి కారు వెనక తలుపు తీశాడు. ఆ చప్పుడుకు కెంపి నేలకు అంటుకుపోయింది. అక్కడే తడిపేసుకుంది. పొట్ట నేలకు రాస్తూ పాక్కుంటూ వచ్చి నా చీర కుచ్చిళ్ళ వెనక తల దాచుకుంది. అతను ఇంకా పిలుస్తూనే ఉన్నాడు. అది వణుకుతూనే ఉంది.

నేను నవ్వాను. పైకి, అందరికీ వినపడేలా. "ఇప్పుడు తృప్తిగా ఉందా నీకు" అని అడిగాడు. "ఉంది" అన్నాను. అబద్ధం కాదు, హాయిగా ఉంది. కారు తలుపు తనే మెల్లగా, చప్పుడు కాకుండా వేసుకుని వెళ్ళిపోయాడు.

తర్వాత గోరువెచ్చని నీళ్ళతో దాన్ని కడిగాను. కడుగుతుంటే ఇంకా వణుకుతోంది. అప్పుడు తట్టింది, నేను గొలుసు విప్పకుండా, అసలు దాన్ని కిందికే తీసుకురాకుండా తలుపు వేసుకుని ఉండొచ్చు కదా అని. నా నవ్వు కోసం దాన్ని మళ్ళీ ఆ కారు ముందు నిలబెట్టాను. మీ అబ్బాయిని దెబ్బ కొట్టినందుకు నాకేమీ బాధ లేదు. ఎవరి వీపు మీదుగా కొట్టానో అదే బాధ. ఇకమీదట దాన్ని దేనికీ వాడను. పగకూ వాడను, మీకు తిరిగి ఇచ్చి మంచిదాన్ని అనిపించుకోవడానికీ వాడను. ఈ ఇల్లు దానికి అలవాటయింది. మూడో ఇంటికి పంపను.

తువ్వాలుతో తుడుస్తుంటే చీలిన చెవిని తాకనిచ్చింది.

మీరు రండి. బస్సులో రండి, కారులో వద్దు. ఎప్పుడు వచ్చినా సరే, ఎన్నాళ్ళున్నా సరే. పక్క గదిలో మంచం ఉంది.

వరూధిని


దేవనహళ్ళి, కోట వీధి,
11 సెప్టెంబరు 2025

చిరంజీవి వరూధినికి,

ఆశీస్సులు. ఈసారి ఆగకుండా రాశాను.

నువ్వు నవ్విన చోట నేనూ నవ్వాను. మా తమ్ముడు వంటింట్లోంచి వచ్చి ఏమైందని చూశాడు. తర్వాత అది పాక్కుంటూ వచ్చిందని చదివి, కాగితం మడిచి పక్కన పెట్టి, చాలాసేపటికి మిగతాది చదివాను.

కెంపిని నేను అడగను. నీ దగ్గరే ఉండనీ. పగతో తెచ్చుకున్నా ప్రేమతో తెచ్చుకున్నా, చెవి నీ చేతికి ఇచ్చింది, ఇక వేరే తీర్పు ఎందుకు? వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకు వస్తాను. నాలుగు రోజులుండి వెళ్తాను. అది నన్ను గుర్తుపట్టి గొడవ చేస్తే పట్టుకో, నా నడుము అంత గట్టిగా లేదు. రాగిపిండి నేను పట్టిస్తున్నాను, అక్కడ కొనకు.

శశిధర్ నిన్న ఇక్కడికి వచ్చాడు. నీ దగ్గర పడ్డ దెబ్బ ఇంకా మొహం మీదే ఉంది. నా కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. అన్నం పెట్టాను, తిన్నాడు. కన్నందుకు అన్నం పెట్టడం వరకు నా పని, పెట్టాను. చెయ్యి కడుక్కుని వచ్చి, కారు తెచ్చాను, ఇంటికి పోదాం లేమ్మా అన్నాడు. ఆ నేల తీయించేస్తానన్నాడు. నేలతో నాకేం గొడవ?

నేను గడప లోపల పీట మీద కూర్చుని, వాణ్ణి వీధిలోకి వెళ్ళి నిలబడమన్నాను. వెళ్ళి నిలబడ్డాడు. ఎదురింటి వాళ్ళు అరుగుల మీదికి వచ్చారు.

"పిలువప్పా. వస్తే తీసుకుపో" అన్నాను.

వాడు పిలిచాడు. పెదవులు కలిసి విడిపోవడం స్పష్టంగా చూశాను, అమ్మా అని. మళ్ళీ పిలిచాడు. ఆ పెదవులకు మాట నేర్పింది నేనే. నాకు ఏడుపు రాలేదు, కోపం కూడా రాలేదు. వాడు పిలుస్తూనే ఉన్నాడు, నేను వాడి మూతి వైపే చూస్తూ పీట మీద నుంచి లేవకుండా కూర్చున్నాను.

ఇట్లు,
నీ అత్తమ్మ
సావిత్రమ్మ